బాలింత జుట్టు, బాలింత కంచం



బిడ్డ బోర్లా పడే నాటికి తల్లి జుట్టు రాలడం మొదలవుతుంది. దువ్వెన పెడితే చాలు, పిడికెడు వెంట్రుకలు చేతికి వస్తాయి. మనలో చాలామంది పుట్టింటి నుండి అత్తవారింటికి చేరేది కూడ ఆ మూడవ నెలలోనో అయిదవ నెలలోనో గనుక, "ఆ ఊరి నీళ్ళు పడలేదు" అంటారు పుట్టింటివారు. దిష్టి అంటారు ఇంకొందరు. బిడ్డ పాలతోబాటు తల్లి బలమంతా లాగేస్తున్నదని, పాలు మాన్పించమని చెప్పేవారు కూడ ఉన్నారు. ఈ చివరి మాట వల్ల బిడ్డకు కీడు గనుక ముందుగా దాని సంగతి చెబుతున్నాము.

జుట్టు రాలడానికి కారణం పాలివ్వడం కాదు, కాన్పే. మామూలుగా ఎవరికైనా రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు రాలుతూనే ఉంటాయి. గర్భవతిగా ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎక్కువై వాటిని రాలనివ్వదు. ఆ నెలల్లో జడ ఒత్తుగా కనబడేది అందుకే. కాన్పు కాగానే ఆ హార్మోను తగ్గిపోతుంది. అప్పటిదాకా నిలిచిన వెంట్రుకలు ఎదగడం మానుకొని, రెండు మూడు నెలల తరువాత కట్టగట్టుకొని రాలిపోతాయి. కుదుళ్ళు మాత్రం చావవు. బిడ్డకు ఏడాది నిండే సరికి చాలామందికి రాలడం ఆగి, జుట్టు మునుపటివలె ఒత్తుగా వస్తుంది. నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకొని కనబడితే దిగులుపడకండి, అవి కొత్తవి. కాకపోతే నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి గనుక జానెడు కావడానికి రెండేళ్ళు పట్టవచ్చు.

మరి విటమిన్లు? జుట్టు కోసమని మందుల షాపుల్లో బయోటిన్ మాత్రలు అమ్ముతారు. మామూలు భోజనం చేసేవారికి బయోటిన్ కొరత అరుదు. ఉడికించిన గుడ్డులోనూ, వేరుశెనగలోనూ అది ఉన్నది. విటమిన్ 'ఎ' మాత్రలు మితిమీరితే జుట్టు ఇంకా రాలుతుంది. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి.

మన స్త్రీలకు నిజంగా కొరతైనది ఇనుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అసలే తక్కువ రక్తం, కాన్పులో కొంత పోతుంది, ఆపైన మన పథ్యం! కొన్ని ఇళ్ళలో బాలింతకు వారాల తరబడి కారప్పొడి అన్నమే. పప్పు వాతమట, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలట, పెరుగు జలుబట. మంచినీళ్ళు కూడ కొలిచి ఇస్తారు. ప్రేమతోనే చేస్తారు, కాదనము. పెద్దలు పెట్టమన్న మునగాకు, నువ్వులు మంచివే. చిక్కంతా వద్దన్నవాటితోనే. రక్తం తక్కువైన తల్లికి రాలడం ఎక్కువై, తిరిగి రావడం ఆలస్యం కావచ్చు. జుట్టు మాట అటుంచి, ఆమెకు బిడ్డను ఎత్తుకొనే ఓపిక కూడ ఉండదు.

కనుక పాలిచ్చే తల్లికి రోజూ పప్పు, ఆకుకూర, పెరుగు పెట్టండి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేస్తూనే టీ తాగితే పడదు. గంటో రెండు గంటలో ఆగాలి. రాగిజావ మంచిది. మాంసం తినేవారు అప్పుడప్పుడు మేక కార్జం వండుకోవచ్చు. అంగన్‌వాడీలో బాలింతకిచ్చే గుడ్డు ఆమె కంచంలోనే పడాలి. అది ఇంటిల్లిపాదికీ పులుసైపోవడం మనమెరిగిన సంగతే!

ఆరోగ్య ఉపకేంద్రంలో ఇచ్చే ఇనుము మాత్రలు కాన్పు తరువాత 180 రోజులు వాడవలసినవి. కాన్పు అయిందికదా అని చాలామంది వాటిని గూట్లో పెట్టి మరచిపోతారు. విరేచనం నల్లగా అయితే భయపడనక్కరలేదు, అది మాత్ర గుణం. కాల్షియం మాత్ర మాత్రం వేరే పూట వేసుకోండి. రెండూ కలిస్తే ఇనుము సరిగా పట్టదు.

ఏడాది దాటినా రాలుతూంటే, గుండ్రంగా మచ్చలవలె ఊడితే, గుండెదడ, విపరీతమైన నీరసం, గొంతు దగ్గర వాపు ఉంటే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. కాన్పు తరువాత కొందరికి థైరాయిడ్ జబ్బు వస్తుంది. రక్తపరీక్షలో అది తెలుస్తుంది, మందు ఉన్నది. పరీక్షకు వెళ్ళేవారు బయోటిన్ మాత్రలు వాడుతూంటే ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే అవి థైరాయిడ్ పరీక్షను తారుమారు చేయగలవు.