ఆఫీసు కంప్యూటర్ కూత ఎవరికి వినబడాలి?

మన సంఘం ఆఫీసు కంప్యూటర్‌కి పెద్ద స్పీకర్లు కొంటే "బీప్" అందరికీ వినబడుతుందని కొందరంటున్నారు. అది సగమే నిజం. విండోస్ 7 నుంచి ప్రోగ్రాములు ఇచ్చే బీప్ సౌండ్ కార్డు మీదుగా బయటి స్పీకర్లకే వస్తుంది. స్విచ్ వేయగానే వచ్చే కూత వేరు. అప్పటికి విండోస్ లేవదు, మదర్‌బోర్డే తన సొంత బజర్ మోగిస్తుంది. ర్యామ్ సరిగ్గా కూర్చోకపోయినా, డిస్‌ప్లే కార్డు పోయినా తెర మీద ఏమీ రాదు, ఆ కూతలే చెప్పాలి. పొగమంచులో సిగ్నల్ కనబడదని రైల్వేలో పట్టాల మీద డిటోనేటర్లు పెడతామే, అలాంటిదే. ఇప్పటి బోర్డులు చాలావాటికి బజర్ రాదు, నాలుగు పిన్నుల చోటు మాత్రం ఉంటుంది.

కాబట్టి ముందు ఆ పిన్నులకు తగిలించే చిన్న బజర్ కొందాం. తరువాత టాగిల్ కీస్ ఆన్ చేయిద్దాం, క్యాప్స్ లాక్ నొక్కితే శబ్దం వస్తుంది. దానికి ఇప్పుడున్న పాత స్పీకర్లే చాలు. నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ కోసం వచ్చే మన పెద్దవాళ్లు, చూపు ఆనక పాస్‌వర్డ్ తప్పు కొట్టి, పని మధ్యలో వదిలేసి ఇంటికి పోతున్నారు. పాటలకు పెద్ద స్పీకర్లు కావాలంటే ఆ ఖర్చు పండుగల పద్దులో రాయండి.