డాన్సుకి మేం కావాలి, మైకుకి వద్దా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఈసారి ఆగస్టు 9కి కూడా మమ్మల్ని పిలిచారు. ఎందుకో మీకు తెలుసు, థింసా కోసం. పొద్దున్న ఏడింటికే హాస్టల్ నుంచి బయల్దేరదీసి, చీరలు కట్టించి గ్రౌండులో నిలబెట్టారు. ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండు దాటింది. ఆడాం. ఫొటోలు తీశారు. తర్వాత రెండు గంటలు "ఆదివాసీ యువత" మీద ఉపన్యాసాలు. స్టేజీ మీద యువత ఒక్కరూ లేరు. ఆగిపోయిన స్కాలర్‌షిప్ గురించీ, మెస్ గురించీ మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లాం. రెండు నిమిషాలు మైకు ఇమ్మంటే "టైం లేదమ్మా, వినతిపత్రం ఇచ్చేయండి" అన్నారు. ఇచ్చాం. ఆ కాయితం బొకేల పక్కన కుర్చీలోనే ఉండిపోయింది. సాయంత్రం కుర్చీలు సర్దింది మేమే కాబట్టి మాకు తెలుసు.

థింసా మాకు నామోషీ కాదు. మా పండగలకి ఎవరూ పిలవకుండానే ఆడతాం. కానీ ఆగస్టు 9 డాన్సు రోజు ఎప్పుడైంది? 1982లో జెనీవాలో ఆదివాసీల మీద ఐక్యరాజ్యసమితి కార్యవర్గం మొదటిసారి సమావేశమైన రోజు అది. 1994లో ఆ తేదీనే అంతర్జాతీయ దినంగా ప్రకటించారు. అంటే కూర్చుని మాట్లాడిన రోజు. ఆ రోజునే మమ్మల్ని నోరు మూసుకుని ఆడమంటున్నారు.

ఆఫీసర్లనే అనడం లేదు. మన సంఘాల పెద్దలూ అంతే. ధర్నాకి జనం తక్కువైతే హాస్టల్ గుర్తొస్తుంది, కమిటీ వేసేటప్పుడు "మీరింకా చిన్నపిల్లలు" అంటారు. చట్టం మమ్మల్ని చిన్నపిల్లలు అనలేదు. 1996 పెసా చట్టం ప్రకారం ఊరి ఓటరు లిస్టులో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. మాకు ఇరవై ఏళ్లు. ఎవరూ పిలవక్కర్లేని స్టేజీ అది.

దాని బలం ఎంతో ఒడిశా నియమగిరిలో చూశాం. సుప్రీంకోర్టు గ్రామసభలనే తేల్చుకోమంది. 2013లో 12 ఊళ్లు కూర్చున్నాయి, పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. తవ్వకం ఆగింది.

మరి మన ఊళ్లలో? తీర్మానం పుస్తకం ఇంటింటికీ తిప్పి వేలిముద్రలు వేయించుకెళ్తున్నారు. సభ జరిగినట్టే లెక్క. అందులో ఏం రాశారో మా అమ్మానాన్నలు చదవలేరు. చదవగలిగిన మేం హాస్టల్లో కూర్చుని స్టేటస్‌లు పెడుతున్నాం. ఈ తప్పు మాదే, ఒప్పుకుంటున్నాం. అటవీ హక్కుల చట్టం కింద జరిగే సభకి కనీసం సగం మంది సభ్యులు ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఈ ముక్క ఊళ్లో చెప్పాల్సింది మేం కాదా? సంతకానికి ముందు ఆ తీర్మానాన్ని కువిలోనో, మన ఒడియాలోనో గట్టిగా చదివి వినిపించడానికి డిగ్రీ పూర్తవ్వాలా?

అక్టోబర్ 2న గ్రామసభ పెడతారు, కాలేజీకి ఎలాగూ సెలవే. ఆ రోజు ఊరికి వెళ్దాం. ఒక్కరమే వెళ్తే కసురుకుంటారు, ఊరికి ముగ్గురు నలుగురు వెళ్తే కసరడం కష్టం. పాత తీర్మానాలు చూపించమని అడుగుదాం. ఎవరెవరు ఏ ఊరికి వెళ్తున్నారో ఈ ఆదివారంలోగా చెప్పండి. బస్సు చార్జీలు లేనివాళ్లు కూడా మొహమాటపడకుండా చెప్పండి, రూముకి ఇంతని చందా వేసుకుందాం.