నల్లకంకర చెప్పే వయసు

యానాంలో పుట్టిపెరిగినవాళ్లకు మట్టి తెలిసినంతగా రాయి తెలియదు. గునపానికి ఇక్కడ ఒండ్రు, ఇసుక, బంకమన్ను, గుల్లలు తగులుతాయి కానీ రాయి తగలదు. రోడ్డు వేయాలన్నా, శ్లాబు పోయాలన్నా నల్లకంకర లారీల్లో రావలసిందే. మొన్న మా వీధిలో రోడ్డు పనికి పోసిన గుట్టలోంచి ఒక ముక్క ఏరి తెచ్చుకున్నాను. గుప్పెట్లో ఇమిడిపోయేంత. విరిగినచోట నల్లగా, నీలి ఛాయతో ఉంది, పరిమాణానికి మించిన బరువు. కొవ్వూరు అవతల పంగిడి, గౌరీపట్నం వైపు క్వారీలదని లారీ డ్రైవరు చెప్పాడు.

దీని వయసు దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్లని చెబితే పక్కింటి డిగ్రీ కుర్రాడు వెంటనే అడిగాడు: “ఎవరు చూశారండీ? సైన్సు నిన్న ఒకటి చెప్పింది, ఇవాళ ఇంకొకటి చెబుతోంది. రేపు మార్చదని ఏముంది?” ఈ మాట చదువుకున్నవాళ్ల నోట కూడా తరచు వింటున్నాను. కసురుకుని పక్కన పెట్టాల్సిన ప్రశ్న కాదిది.

అతనన్నదాంట్లో సైన్సు మాట మార్చిందన్న సగం నిజం. సైన్సు భూమి వయసు విషయంలో చాలాసార్లు తప్పింది. ఫ్రాన్సులో బుఫాన్ ఇనుప గుండ్లను ఎర్రగా కాల్చి, అవి చల్లారే సమయాన్ని బట్టి భూమికి సుమారు 75 వేల ఏళ్లని 1779లో ప్రకటించాడు. భూగోళం చల్లారే లెక్కతోనే బ్రిటిష్ శాస్త్రవేత్త కెల్విన్ 19వ శతాబ్దం చివరికి రెండు నుంచి నాలుగు కోట్ల ఏళ్ల దగ్గర ఆగాడు. 1899లో ఐర్లండ్ శాస్త్రవేత్త జాన్ జోలీ నదులన్నీ ఏడాదికి సముద్రంలోకి మోసుకెళ్లే సోడియం ఎంతో అంచనా కట్టి, సముద్రంలో ఉన్న మొత్తాన్ని దాంతో భాగించాడు. ఎనిమిది తొమ్మిది కోట్ల ఏళ్లు వచ్చింది.

జోలీ ఎక్కడ పొరబడ్డాడో మా ఊరి గోదావరి పాయ గౌతమి గట్టున నిలబడితే అర్థమవుతుంది. ఎండాకాలం పోటు సమయంలో మా దగ్గర ఏరు వెనక్కి పారుతుంది, నీళ్లు ఉప్పగా మారతాయి. సముద్రంలోకి వెళ్లిన ఉప్పు సముద్రంలోనే ఉండిపోదు. గాలితో నేలమీదికి వస్తుంది, మడుల్లో పేరుకుంటుంది, అడుగున మట్టిలో చేరి రాయిలో కలిసిపోతుంది. ఖర్చు రాయకుండా జమ మాత్రమే లెక్కవేసిన ఖాతా అది.

ఒండ్రుతో వయసు కట్టే లెక్కకూ ఒక బలహీనత ఉంది. గోదావరి ఇవాళ తెస్తున్న ఒండ్రుతో డెల్టా మొత్తాన్ని భాగిస్తే వయసు అసలుకంటే చాలా ఎక్కువ వస్తుంది. 1852లో దవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, తర్వాత పైన జాయక్‌వాడీ, శ్రీరాంసాగర్ వచ్చాయి. మట్టి చాలావరకు అక్కడే ఆగిపోతోంది. అందుకే డెల్టా వయసుకు పాత తీరపు దిబ్బల్లోని గుల్లలకు, పూడిపోయిన కొయ్యకు రేడియోకార్బన్ పరీక్ష చేస్తారు. ఈ నేలలో ఎక్కువ భాగం గత ఆరేడు వేల ఏళ్లలో పెరిగిందని అలా తేలింది. అన్నట్టు, ఆ పరీక్ష సుమారు 50 వేల ఏళ్లు దాటితే పనికిరాదు. దాంతో భూమి వయసు కట్టారనుకోవడం మనలో పాతుకుపోయిన పొరపాటు.

కావలసింది వరదకూ ఎండకూ వేగం మార్చుకోని గడియారం. 1896లో, యానాం మీద ఇంకా ఫ్రెంచి జెండా ఎగురుతున్న రోజుల్లో, పారిస్‌లో హెన్రీ బెక్వెరెల్ యురేనియం లవణాల నుంచి వచ్చే కిరణాలను గుర్తించాడు. అలాంటి పదార్థాలు మారని వేగంతో క్షీణిస్తాయి కాబట్టి ఆ గడియారం దొరికింది. నా బల్లమీది ముక్కలో కొద్దిగా పొటాషియం ఉంది. అందులో ఒక రకం మెల్లగా క్షీణిస్తూ కొంతమేర ఆర్గాన్ వాయువుగా మారుతుంది, సగం క్షీణించడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది. ఈ రాయి ఒకప్పటి లావా. లావా కరిగి ఉన్నంతసేపూ ఆర్గాన్ తప్పించుకుపోతుంది. గట్టిపడ్డాక పుట్టినది స్ఫటికాల్లో చిక్కుకుంటుంది. ఎంత చిక్కుకుందో కొలిస్తే రాయి గట్టిపడిన కాలం తెలుస్తుంది.

కొత్త లావాకు కూడా ఈ పద్ధతి లక్షల ఏళ్లు చూపించిందన్న అభ్యంతరం ఉంది. అదీ నిజమే. ఒక్కోసారి పాత ఆర్గాన్ పూర్తిగా బయటికి పోదు. దాన్ని పట్టుకోవడానికి నమూనాను మెట్టుమెట్టుగా వేడిచేసి, ఒక్కో మెట్టులో వచ్చిన వాయువును విడిగా కొలిచే పద్ధతి ఉంది. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైన సంగతి కళ్లారా చూసినవాళ్లు రాసిపెట్టారు. 1997లో ఆ బూడిదలోని స్ఫటికాలను ఈ పద్ధతిలో పరీక్షిస్తే 1925 ఏళ్లు వచ్చింది. తేడా ఏడేళ్లు. “ఎవరు చూశారు” అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

పంగిడి రాయికి సాక్ష్యం ఆర్గాన్ ఒక్కటే కాదు. అక్కడ రెండు లావా పొరల మధ్య సముద్రపు అవక్షేపాలున్నాయి. వాటిలోని కంటికి కనిపించనంత చిన్న గవ్వల్లాంటి జీవులు డైనోసార్లు అంతరించిన వెంటనే వచ్చిన కాలానివని, అంటే దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటివని భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం 2008లో చూపింది. కింది లావా పొరలో నమోదైన భూ అయస్కాంత దిశ ఇప్పటి దానికి తలకిందులుగా, పై పొరలో ఇప్పటిలాగే ఉంది. ఈ తారుమారు పడమటి కనుమల లావాలోనూ కనిపిస్తుంది. ఓఎన్‌జీసీ బావులు తవ్వినప్పుడు మన డెల్టా అడుగున ఇదే లావా తగిలితే దానికి రాజోలు పేరే పెట్టారు. ఒకదానితో ఒకటి సంబంధంలేని సాక్షులు ఒకే కాలం చెబుతున్నారు. ఏ కోర్టయినా ఇంతకుమించి ఏం అడుగుతుంది?

భూమి మొత్తానికి వస్తే, తొలినాటి రాళ్లు కరిగి, అరిగి మిగల్లేదు. అందుకే అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ భూమితోపాటే పుట్టిన ఉల్కల్లో సీసాన్ని కొలిచి 1956లో 455 కోట్ల ఏళ్లన్నాడు. ఇవాళ్టి అంకె 454 కోట్లు, అటూఇటూ ఐదు కోట్లు. కెల్విన్‌ను పడగొట్టిన సైన్సు, ప్యాటర్సన్‌ను ఏడు దశాబ్దాలుగా పరీక్షిస్తూ దాదాపు అక్కడే నిలిచింది. సైన్సు మాట మారుస్తుందనేవాళ్లు ఈ నిలకడను కూడా చూడాలి.

మన కల్పం 432 కోట్ల ఏళ్లు కాబట్టి పూర్వులకు ఇదంతా ముందే తెలుసనేవాళ్లున్నారు. కల్పం మొత్తం నిడివి అది, గడిచిన కాలం కాదు. మన పంచాంగాలు సృష్ట్యాది గతాబ్దాలుగా వేసేది 195 కోట్ల 58 లక్షల పైచిలుకు. అలాగే 1650లో ఆర్చిబిషప్ అషర్ బైబిల్ వంశావళుల నుంచి సృష్టిని క్రీ.పూ. 4004లో పెట్టాడు. పూజలో కల్పాన్ని తలుస్తూ సంకల్పం చెప్పుకునే మనిషి అనంతకాలంలో తన చోటును తలచుకుంటున్నాడు. ఆ భక్తికి ల్యాబు రిపోర్టు అక్కర్లేదు, దాన్ని ల్యాబు రిపోర్టుగా చూపించడమూ తగదు.

నన్ను బాధించేది వేరే ఉంది. ఆ సాక్ష్యమంతా ఉన్న క్వారీ గోడలు రోజూ కంకరగా మారుతున్నాయి. తిరుమల శిలాతోరణాన్ని, విశాఖ ఎర్రమట్టి దిబ్బలను భూగర్భ వారసత్వంగా గుర్తించిన దేశం మనది. రెండు లావా పొరలూ, మధ్యనున్న సముద్రపు పొరా కనిపించేలా పంగిడిలోనో గౌరీపట్నంలోనో ఒక్క గోడను కొట్టకుండా వదిలిపెట్టమని గనుల శాఖను కోరుతున్నాను. ఉపాధ్యాయులు ఏడాదికి ఒక్కసారైనా పిల్లలను అక్కడికి తీసుకెళ్లండి. పక్కింటి కుర్రాడూ నేనూ వచ్చే ఆదివారం వెళ్తున్నాం.