ట్రైపాడ్ ఉన్నవాడికి ఎన్ని మెగాపిక్సెళ్ళు కావాలి?

మొన్న దసరాకి ఇబ్రహీంపట్నం వెళ్ళినప్పుడు చిన్నాయన స్టూడియోలో కూచుని చాయ్ తాగుతుంటే, ఆయన ఓ కాగితం నా ముందు పెట్టాడు. కెమెరా కొటేషన్. 61 మెగాపిక్సెళ్ళ బాడీ, దానికో లెన్సు, మొత్తం కలిపి నాలుగు లక్షల పైమాటే.

"నువ్వు సాఫ్ట్‌వేరోనివి గదరా, జర చూసి చెప్పు. చిట్టీ ఎత్తి తీస్కుందామనుకుంటున్న" అన్నాడు.

ఐటీలో ఉన్నామంటే చాలు, ప్రింటర్ నుంచి మిక్సీ దాకా అన్నీ మనకే తెలుసనుకుంటారు కదా, అలా అన్నమాట. కానీ ఆ చిట్టీ చెల్లెలి ఇంజినీరింగ్ ఫీజు కోసం కడుతున్నదని నాకు తెలుసు. అందుకే నవ్వేసి ఊరుకోలేకపోయాను.

సంగతేంటంటే, పెళ్ళి ఆర్డర్లు తగ్గి ఇప్పుడు ఆయనకి పోచంపల్లి, పుట్టపాక వైపు నుంచి చీరల ఫోటోల పని వస్తోంది. స్టూడియోలో చీర పరిచి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి తీయడం. చేతిలో 24 మెగాపిక్సెళ్ళ నికాన్ ఉంది. అది చాలదని ఎవరో చెప్పారట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రైపాడ్ వాడేవాడు కొత్త కెమెరా ధరలో చాలా భాగం తనకి అక్కర్లేని వాటికే కడుతున్నాడు. పరిగెత్తే పిల్లాడి కన్ను పట్టుకునే ఆటోఫోకస్, సెకనుకి ఇన్నేసి ఫ్రేములు, చీకట్లో పనికొచ్చే ఐఎస్ఓ, చెయ్యి వణికినా కాసే స్టెబిలైజేషన్. చీర పరిగెత్తదు, లైట్లు మన చేతిలో ఉన్నాయి, కెమెరా కదలదు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ వందేళ్ళకి పైగా కిందట పెద్ద గాజు పలకల మీద తీసిన ఫోటోల్లో వివరం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆయనకున్నవీ అవే మరి: కదలని స్టాండు, మంచి లెన్సు, వెలుతురు.

మరి రిజల్యూషన్ అక్కర్లేదా అంటే, కావాలి. ఎందుకో చూడండి. ఇక్కత్‌లో నేసే ముందే నూలుకి ముడులేసి రంగులద్దుతారు. అందుకే డిజైను అంచులు కాస్త చెదిరినట్టు, ఈకల్లా ఉంటాయి. అచ్చు వేసిన నకిలీలో అంచు గీత గీసినట్టు ఉంటుంది. ఫోటోలో ఆ పోగు కనబడకపోతే, కొనేవాళ్ళకి అసలు, నకిలీ ఒకటే. అప్పుడు నేతగాడి కష్టం అచ్చు చీర ధరకి పోతుంది.

ఇక మన లెక్కలు. అంగుళానికి 80 పోగులనుకుందాం, అంటే మిల్లీమీటరుకి మూడు పైచిలుకు. మీటరు వెడల్పు పల్లూని ఒకే ఫ్రేములో తీస్తే 24 మెగాపిక్సెళ్ళలో (6,000 పిక్సెళ్ళ వెడల్పు) పోగుకి రెండు పిక్సెళ్ళు కూడా రావు. నైక్విస్ట్ గారు గుర్తొచ్చారా? బట్ట మీద లేని గీతలు, ఇంద్రధనుస్సు మరకలు కనబడేది అందుకే. దాన్నే మొయిరే అంటారు. నాలుగు లక్షల కెమెరాలో (9,504 పిక్సెళ్ళు) పోగుకి మూడు వస్తాయి. సెన్సరులో ఎరుపు, నీలం పిక్సెళ్ళు నాలుగింట ఒక్కోటే కనక రంగు విషయంలో అదీ పూర్తి భద్రం కాదు.

అదే పాత కెమెరాతో దగ్గరకి జరిగి అర మీటరే తీస్తే? పోగుకి దాదాపు నాలుగు! అంటే రెండడుగులు ముందుకి వేస్తే నాలుగు లక్షలు మిగిలాయి. కావాలంటే రెండు మూడు ఫ్రేములు తీసి అతికించుకోవచ్చు, చీర ఎటూ పోదుగా.

అలాగని ఎక్కువ మెగాపిక్సెళ్ళు దండగ అనను. రోజుకి యాభై చీరలు వచ్చి, ఒక్కోదానికీ అతుకుల పని పెరిగితే పెద్ద సెన్సరు కొనాల్సిందే. అప్పుడైనా సెకండ్ హ్యాండ్ చూడమంటాను. 2014 నాటి నికాన్ డీ810 (36 మెగాపిక్సెళ్ళు), 2017 నాటి డీ850 (45) ట్రైపాడ్ మీద ఇప్పటికీ దిట్టమైనవే. రెండింట్లోనూ ఐఎస్ఓ 64 ఉంది, చిన్నాయన లెన్సులు వాటికి సరిపోతాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో మాత్రం చూసుకోవాలి. సెన్సరుని కొంచెం కొంచెం జరుపుతూ నాలుగైనా ఎనిమిదైనా షాట్లు కలిపే పిక్సెల్ షిఫ్ట్ కెమెరాలూ ఉన్నాయి, కాకపోతే ఫ్యాను గాలికి పల్లూ ఊగినా పని చెడుతుంది.

ఇంకో తిరకాసు. స్టూడియో సాగర్ రోడ్డు పక్కనే. లారీ పోతే నేల అదురుతుంది. 61 మెగాపిక్సెళ్ళ సెన్సరులో ఒక్కో పిక్సెల్ 4 మైక్రాన్లు కూడా ఉండదు. ఎల్ఈడీ వెలుగులో పావు సెకను షట్టర్ పెడితే ఆ మెగాపిక్సెళ్ళన్నీ లారీ పాలే. ఫ్లాష్ వాడితే ఆ బాధ లేదు, దాని మెరుపు రెప్పపాటులో వందో వంతు కూడా ఉండదు. ఎఫ్/16 దాకా ముయ్యడం కూడా మానాలి, ఎఫ్/8 దగ్గర ఉన్న పదును అక్కడ ఉండదు.

అందుకని కొటేషన్ వెనకే రాసిచ్చాను: పాత మాక్రో లెన్సు, బరువైన ట్రైపాడ్, రంగుల చార్టు, ఇంకో ఫ్లాష్. ఆ నాలుగు లక్షల్లో పావు వంతు కూడా కాలేదు. చార్టు ఎందుకంటే, ఫోటోలో మెరూన్, చేతికొచ్చాక ఎరుపు అయితే చీర వెనక్కొస్తుంది. ఎన్ని మెగాపిక్సెళ్ళున్నా దాన్ని ఆపలేవు.

చిన్నాయన కాగితం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అన్నీ మంచిగనే చెప్పినవ్ గానీ, గిరాకీ ఒచ్చినప్పుడు కెమెరా పెద్దగ కనవడాలె గదరా!"

దీనికి మాత్రం నా దగ్గర లెక్క లేదు. "అర మీటరు ఫోటో మానిటర్ మీద పెద్దది చేసి చూపించు చిన్నాయనా, పోగు కనబడితే కెమెరా ఎవరు చూస్తారు?" అన్నాను. నమ్మాడో లేదో తెలీదు. చిట్టీ అయితే ఇంకా ఎత్తలేదు.

మీ ఊళ్ళోనూ స్టూడియో నడిపే చిన్నాయనో మామయ్యో ఉండే ఉంటారు. ఈసారి కొటేషన్ తెచ్చి అడిగితే స్పెక్స్ పోల్చే సైటు తెరవకండి. "ఏం తీస్తున్నావ్, ఎంత దూరం నుంచి?" అని ముందు అడగండి. రిక్వైర్‌మెంట్ తెలీకుండా సర్వర్ సైజు చెప్పే క్లయింటుని రోజూ తిట్టుకునేది మనమేగా!