ఉమ్మడి మెనూ

ఉమ్మడి కుటుంబపు వంటింట్లో పోపులపెట్టెను ఎవరైనా తెరవవచ్చు. ఆవాలు ఏ గిన్నెలో ఉన్నవో, మెంతులు ఏ గిన్నెలో ఉన్నవో అందరి చేతులకూ తెలుసు. ఒకరు తమ వీలునుబట్టి వాటిని మార్చివేస్తే మరునాడు ఇంటిల్లిపాదికీ తడబాటే. పలువురు పంచుకొనే కంప్యూటరులోని మెనూ కూడా అటువంటిదే.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ చుట్టూ నగరం విస్తరించింది. ఆ విస్తరణలో నిజాంపేట సాఫ్ట్‌వేరు ఉద్యోగుల నివాసప్రాంతమైంది. అక్కడి అపార్టుమెంట్లలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ల్యాప్‌టాప్ ఉండవచ్చు. కాని వాచ్‌మన్ కుమార్తెకు కంప్యూటరు అందేది కళాశాల ప్రయోగశాలలోనే. అక్కడ ఒకే యంత్రం ముందు గంటకొకరు కూర్చుంటారు. ఆ తెరపై మొదట ఏ భాష కనబడాలన్నది ఆమె విషయంలో చిన్న ప్రశ్న కాదు.

లినక్సు వ్యవస్థలో దీనికి చక్కని ఏర్పాటున్నది. అందరికీ వర్తించే మెనూను మార్చే అధికారం నిర్వాహకునిదే. ఎవరికి వారు చేసుకొనే మార్పులు వారి వారి సొంత ఫోల్డరులో నిలిచి, వారి వరకే వర్తిస్తాయి. ప్రతి అప్లికేషనుకూ ఒక చిన్న ఫైలుంటుంది. అందులో ఆంగ్లనామం కింద తెలుగు పేరుతో ఒక పంక్తి చేర్చితే చాలు, తెలుగును ఎన్నుకున్న వారందరికీ ఆ పేరే కనబడుతుంది. కొత్త ఖాతాలకు నమూనాగా ‘స్కెల్’ అనే ఫోల్డరొకటి ఉన్నది. అందులోని అమరిక అటుపిమ్మట తెరిచిన ఖాతాలకే దక్కుతుంది, పాతవారికి అందదు. ఈ సంగతి మరచి, అందరికీ మార్చామని తృప్తిపడే నిర్వాహకులూ ఉంటారు.

హైదరాబాదులో 2005లో మొదలైన ‘స్వేచ్ఛ’ ఉద్యమం లినక్సు ఆధారిత వ్యవస్థకు తెలుగు రూపమిచ్చింది. కనుక ప్రయోగశాలలో తెలుగు మెనూ లేకపోతే అది సాధనలోపం కాదు, పూనిక లేకపోవడమే.

తెలుగు మెనూకు అలవాటుపడినవారు ఉద్యోగాలలో వెనుకబడతారని కొందరి వాదన. అది పూర్తిగా కొట్టివేయదగినది కాదు. కార్యాలయాలలో ఎక్కువగా ఎదురయ్యేవి ఆంగ్ల మెనూలే. అందుకే ఉమ్మడి అమరికను తెలుగులో ఉంచి, ఎవరి ఖాతాలో వారు ఆంగ్లాన్ని ఎన్నుకొనే వీలును మూసివేయకుండా ఉండాలి.

ఇక పేర్ల సంగతి. తెలుగు వికీపీడియా ‘ఫైలు’ను ‘దస్త్రం’ అంటున్నది. అది అచ్చతెలుగని మురిసేవారు దాని మూలం పారశీకమని గమనించరు. కచేరీలలో నలిగిన మాట కనుక అది తెలుగులో ఇమిడిపోయింది. ‘ఫైలు’ కూడా ఇప్పటికి అంతగానూ నలిగినదే. ఏ పేరు ఉంచాలో నిర్వాహకుడు ఒంటరిగా నిర్ణయించరాదు. రెండు పేర్లనూ తెరపై ఉంచి, మొదటి సంవత్సరం విద్యార్థులను పిలిచి, ఎవరి చేయి ఎక్కడ ఆగుతున్నదో చూచి, ఆ తరువాతే ఆ పంక్తిని రాయాలి.