గింజ సత్తువను కొలిచే వెలుతురు ఎవరి పక్షం?

వడ్ల రాశి పోసుకొని కొనుగోలు కేంద్రం ముందు రాత్రింబవళ్ళు కావలి కాసిన రైతుకు తేమ మిషను సంగతి వేరే చెప్పనక్కరలేదు. 17 శాతం దాటిందంటే రాశిని మళ్ళీ ఎండకు పరవాల్సిందే. తేమ ఉన్నదని, తాలు ఉన్నదని తరుగు తీస్తే అడిగే దిక్కుండదు. ఇప్పుడు తేమనే గాక గింజలోని సత్తువను సైతం వెలుతురుతో కొలిచే యంత్రాలు వచ్చాయి. ఇది శాస్త్రవేత్తల ముచ్చట, మనకేం పట్టిందనుకుంటే పొరపాటు.

ఎరుపు రంగుకు అవతల కంటికి ఆనని వెలుతురు ఒకటున్నది. దానిని పరారుణ కాంతి అంటారు. అది బియ్యం మీద పడినప్పుడు నీరు, మాంసకృత్తులు, పిండి పదార్థం దేనికది తన వంతు కాంతిని పీల్చుకుంటుంది. తిరిగివచ్చిన వెలుతురులో ఎక్కడ ఎంత తగ్గిందో చూసి యంత్రం లెక్క కడుతుంది. గింజ నలిగేది లేదు, రసాయనాలు కలిపేది లేదు. నిమిషాల్లో పని అయిపోతుంది.

అయితే యంత్రం తనంతట తాను ఏమీ ఎరుగదు. అనేక నమూనాలను ముందుగా ప్రయోగశాలలో రసాయనిక పద్ధతిన పరీక్షించి దానికి లెక్క నేర్పాలి. ఎక్కడి వడ్లతోనో నేర్చిన లెక్కతో సాగర్ ఎడమ కాలువ కింది వడ్లను, పాలమూరు బోర్ల కింది వడ్లను కొలిస్తే తప్పు రాక మానదు. ఇనుము, జింకు వంటి ఖనిజాలను ఈ కాంతి నేరుగా పట్టలేదు. వాటికి ఎక్స్‌రే పద్ధతి వేరే ఉన్నది. కనుక 'అన్నీ మిషనే చెప్తది' అనేవారి మాట నమ్మరాదు.

నేటి ధరలో పోషణకు చోటే లేదు. 2025-26కు కేంద్రం సాధారణ రకానికి క్వింటాలుకు 2369 రూపాయలు, 'ఏ' గ్రేడుకు 2389 రూపాయలు ప్రకటించింది. గ్రేడును తేల్చేది గింజ పొడవు వెడల్పులు. 2024 వానాకాలంలో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 500 రూపాయల బోనసు కూడా సన్నాలకే. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ 2016లో జింకు హెచ్చుగా ఉండే డి.ఆర్.ఆర్. ధాన్ 45 రకాన్ని ఇచ్చింది. దానిని పండించిన రైతుకు ఆ జింకు పేర మద్దతు ధరలో పైసా పెరగదు.

ఇక తినేవారి సంగతి. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో రేషను సన్నబియ్యం పంపిణీ ప్రారంభించారు. పేదల కంచంలోకి సన్నబియ్యం రావడం మంచిదే. కాని సన్నగా, తెల్లగా ఉన్నంత మాత్రాన సత్తువ ఉన్నట్టు కాదు. పాలిష్ పట్టే కొద్దీ తవుడుతోపాటు బి విటమిన్లు, ఖనిజాలు పోతాయి. నడుము వంచి నాట్లేసిన కూలితల్లికి చివరకు మిగిలేది తెల్ల మెతుకే.

నిజాం కాలంలో లెవీ గల్లాను ఎదిరించిన గడ్డ నల్లగొండ. గింజను కొలిచే అధికారం ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ కొత్తది కాదు. యంత్రానికి మనం శత్రువులం కాము. అది మరొక తరుగు సాకు కారాదు, అంతే.

కావున మన జిల్లాల వడ్లతో సరిచూడని యంత్రాన్ని కేంద్రాల్లో పెట్టరాదు. పరీక్ష రైతు కళ్ళెదుటే జరిపి, ఫలితం రాసిన చీటీ చేతికివ్వాలి. అనుమానమొస్తే మరోసారి పరీక్షించాలి. పోషణ ఉన్న ధాన్యానికి అదనపు ధర ఇవ్వాలి. ఆ పేర మిగతావారికి కోత పెట్టరాదు. అన్నిటికన్న ముందు రేషను షాపుకు, అంగన్‌వాడీకి, బడి భోజనానికి వచ్చే బియ్యాన్ని పరీక్షించి ఫలితాన్ని గోడమీద రాయాలి. రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు దీనికై ఊరూరా కదలాలి. పండించిన చేతులకూ, తినే నోళ్ళకూ తెలియని కొలత ఎంత శాస్త్రీయమైనా న్యాయమైన కొలత కానేరదు.