ముఖం ఒకరిది, జాగ్రత్త ఇంటిల్లిపాదిది

బుక్కరాయసముద్రం నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ నెల శీర్షికకు ఆధారం. పేరు ప్రచురించవద్దని ఆమె కోరారు. వయస్సు నలభై. మూడేళ్ళ క్రితం బుగ్గల మీద, ముక్కు మీద మంట మొదలైంది. పొయ్యి దగ్గర నిలబడినా, ఎండలో నాలుగడుగులు వేసినా ముఖం భగ్గుమనేది. కొంతకాలానికి ఆ ఎర్రదనం పోకుండా నిలిచిపోయింది. మొటిమల వంటి పొక్కులు లేచాయి. ఎవరో చెప్పగా మందుల దుకాణంలో ఒక పూతమందు కొని రాసుకున్నారు. వారం తిరగకుండానే ముఖం నునుపెక్కింది, రంగు కూడా తేరినట్లు కనిపించింది. ఇంట్లో అందరూ సంతోషించారు. అలా ఆ పూత రెండేళ్ళు సాగింది. మానిన ప్రతిసారీ మంట రెట్టింపై తిరిగివచ్చింది. చివరకు అనంతపురం వెళ్ళి చర్మవైద్యునికి చూపించుకుంటే అది ‘రోజేసియా’ అని తేలింది. ఆ పూతమందే జబ్బును ముదరబెట్టిందని కూడా తెలిసింది.

ఆ సోదరి మూడు ప్రశ్నలు అడిగారు. ఇది అంటుకునే జబ్బా? పూర్తిగా నయమవుతుందా? రోజుకు అయిదుసార్లు వుజూ, రంజాను ఉపవాసాలు ఎలా పాటించాలి? వీటి తర్వాత ఆమె రాసిన మాటలు చదివినప్పుడు మనస్సు బరువెక్కింది. “మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము. వచ్చినవారి చూపు ముందుగా నా ముఖం మీదనే పడుతోంది. ఈసారి పెళ్ళిచూపులకు నన్ను లోపలి గదిలోనే ఉండమంటున్నారు. ఉండిపోవాలా?”

ఈ చివరి ప్రశ్నకు జవాబు చివరనే చెప్పుకుందాము. ముందు జబ్బును అర్థం చేసుకోవాలి.

ఇది ఏమిటి, ఏది కాదు

రోజేసియా ముఖచర్మానికి వచ్చే దీర్ఘకాలిక వ్యాధి. చర్మంలోని సన్నని రక్తనాళాలు, నరాలు, రోగనిరోధక శక్తి అతిగా స్పందించడం వలన ముఖం వేడెక్కి ఎర్రబడుతుంది. సాధారణంగా ముప్పై ఏళ్ళు దాటినవారిలో, స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తుంది. పురుషులలో కొందరికి ముక్కు చర్మం మందమై ఉబ్బుతుంది. కొందరికి కళ్ళు కూడా మండుతాయి, ఇసుక పడినట్లు గరగరలాడతాయి, కురుపులు పదేపదే లేస్తాయి. కంటిలో నొప్పి వచ్చినా, చూపు మసకబారినా ఆలస్యం చేయక కంటివైద్యుణ్ణి కలవాలి.

తెల్లని మేనిఛాయ గలవారికే ఇది వస్తుందన్న అపోహ చాలాకాలం వైద్యులలో సైతం ఉండేది. చామనఛాయ మీద ఎర్రదనం స్పష్టంగా కనిపించదు. అందువలన మన ప్రాంతంలో దీన్ని మొటిమలనో, ఎండదెబ్బ అనో, ‘పడకపోవడం’ అనో అనుకుని ఏళ్ళు గడిపేస్తారు. రంగుకన్నా స్పర్శను నమ్మాలి. ముఖం తరచుగా వేడెక్కడం, మండడం, సబ్బు తగిలినా చురుక్కుమనడం దీని గుర్తులు. అయితే ముఖం మీద మచ్చలన్నీ రోజేసియా కావు. లూపస్ అనే వ్యాధిలోనూ బుగ్గలు ఎర్రబడతాయి. స్పర్శ తెలియని మచ్చ కుష్ఠువ్యాధికి గుర్తు కావచ్చు. కనుక అద్దం ముందు నిలబడి ఎవరికి వారు నిర్ణయించుకోరాదు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి చోట్ల చర్మవైద్యులకు చూపించుకోవడమే క్షేమం.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే తువ్వాలు వాడినా, ఒకే పళ్ళెంలో తిన్నా, బిడ్డను ముద్దాడినా ఇతరులకు సోకదు. అపరిశుభ్రత వలన వచ్చేదీ కాదు. అందరి చర్మం మీదా ఉండే ఒక రకం సూక్ష్మజీవులు ఈ వ్యాధి ఉన్నవారిలో ఎక్కువగా ఉంటాయి. ఎంత గట్టిగా రుద్ది కడిగినా అవి పోవు. రుద్దినకొద్దీ చర్మమే దెబ్బతింటుంది.

మరొక మాట కూడా చెప్పుకోవాలి. ముక్కు ఎర్రబడి ఉబ్బిన పురుషుణ్ణి చూసి ‘చాటుగా తాగుతాడు’ అని గుసగుసలాడేవారున్నారు. మద్యం ఈ మంటను రేపే కారణాలలో ఒకటి కావచ్చుగాని, జీవితంలో ఒక్క చుక్క ముట్టనివారికీ ఈ వ్యాధి వస్తుంది. అనుమానాలకు దూరంగా ఉండమని, పరోక్షనింద చేయవద్దని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా మనకు నేర్పింది. ఒక విశ్వాసి ముక్కు రంగును బట్టి అతని ధర్మాన్ని కొలవడం ఎంత పాపమో ఆలోచించండి.

ఆ ట్యూబులో ఏముంది?

సోదరి రాసుకున్న పూతమందులో స్టెరాయిడ్ ఉంది. అది రాసిన వెంటనే రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎర్రదనం తగ్గుతుంది, చర్మం తెల్లబడినట్లు కనిపిస్తుంది. అందుకే అది మంచిమందు అన్న నమ్మకం కలుగుతుంది. కాని నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది, రక్తనాళాలు పైకి తేలుతాయి, పొక్కులు, రోమాలు వస్తాయి. మానగానే మంట రెట్టింపవుతుంది. ఆ మంటకు భయపడి మళ్ళీ అదే రాస్తారు. రోజేసియా లేనివారికి కూడా ఈ పూతల వలన అటువంటి వ్యాధి రావచ్చు. భారతదేశపు చర్మవైద్యులు దీనిని ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించి ఎన్నో ఏళ్ళుగా హెచ్చరిస్తున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన తెచ్చింది. అయినా ‘తెల్లబడే క్రీము’ అని అడిగితే ఇచ్చేవారు, కొనేవారు ఇంకా ఉన్నారు.

ఇక్కడ తప్పు దుకాణానిది మాత్రమేనా? తెల్లని కోడలు కావాలని కోరే మన ఇళ్ళదీ కాదా? అంతిమ హజ్ ప్రసంగంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) తెల్లవానికి నల్లవానిపై గాని, నల్లవానికి తెల్లవానిపై గాని ఆధిక్యత లేదని, దైవభీతి ఒక్కటే కొలమానమని చాటారు. ఆ మాటను మిలాదు సభలలో వింటాము, ఇంటికి వచ్చి ఆడపిల్ల చేతికి ట్యూబు ఇస్తాము. ఈ ఉత్తరం రాసిన సోదరి ముఖం మీద ఉన్న మంటలో కొంత మనం రాజేసినదే.

ఇప్పటికే ఇటువంటి పూత వాడుతున్నవారు దానిని వైద్యునికి చూపించి, ఆయన చెప్పిన క్రమంలోనే మానాలి. మానిన తొలి వారాలలో మంట పెరగడం సహజం. అది కొత్త మందు వికటించడం కాదు, పాత మందు వదిలిపోతున్న గుర్తు. ఆ రోజులలో ఇంటివారి తోడు చాలా అవసరం.

మంటను రేపేవి

రోజేసియాను శాశ్వతంగా తుడిచివేసే మందు ఇంకా లేదు. అదుపులో ఉంచే మందులు మాత్రం ఉన్నాయి. మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్, అజెలాయిక్ ఆమ్లం వంటి పూతలు, అవసరమైతే డాక్సీసైక్లిన్ మాత్రలు వైద్యులు ఇస్తారు. ఫలితం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. గర్భవతులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి. డాక్సీసైక్లిన్ వాడేవారికి ఎండ మరింత సులభంగా తగులుతుంది.

మందుతో సమానమైన పని మంటను రేపే కారణాలను కనిపెట్టడం. ఎండ, వేడి, గాలి, ఉక్కపోత, వేడివేడి పానీయాలు, మిరపకారం, దాల్చినచెక్క, కోపం, ఆందోళన వీటిలో ముఖ్యమైనవి. అయితే అందరికీ అన్నీ పడకపోవడం ఉండదు. ఒకరికి కారం పడదు, మరొకరికి కారం తిన్నా ఏమీ కాదు కాని ఎదురుగాలి పడదు. కాబట్టి చూసినవన్నీ మానేసి పస్తులుండవలసిన పని లేదు. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. మంట వచ్చిన రోజున ఏమి తిన్నారు, ఎక్కడ ఉన్నారు, ఎంత ఎండ ఉంది, మనస్సు ఎలా ఉంది అన్నవి నాలుగు మాటలలో రాయండి. నెలా రెండు నెలలలో మీ కారణాలు మీకే బోధపడతాయి.

అనంతపురం సీమలో ఈ పుస్తకంలోకి ఎక్కేవి ఊహించడం కష్టం కాదు. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఆషాఢంలో దుమ్ముతో కూడిన గాలి ముఖాన్ని కోస్తుంది. వేరుశనగ చేలలో కలుపు తీయడం, కాయలు ఒలవడం ఆరుబయటి పనులు. ఉగ్గానితో మిరపకాయ బజ్జీ, సంగటితో ఊరుబిండి, పలావులో చెక్క, లవంగం మన రుచులు. వీటన్నిటినీ ఒక్కరోజులో వదలలేము. పొలం పనిని తెల్లవారుజామున, సాయంత్రం పూట పెట్టుకోవచ్చు. చేతనైనవారు జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ వాడాలి. అంత ఖర్చు భరించలేనివారికి గొడుగు, వెడల్పాటి కొంగు, చెట్టునీడ ఉన్నాయి. ముఖపరదా ధరించే సోదరీమణులకు ఎండ నుండి కొంత రక్షణ దొరుకుతుంది. కాని నల్లని సింథటిక్ బట్ట వేడిని, చెమటను పట్టి ఉంచి రాపిడి కలిగిస్తుంది. పలుచని నూలుబట్ట మేలు. టీ మానవలసిన పని లేదు, గోరువెచ్చగా చల్లారాక తాగితే చాలు. చాలామందికి పడనిది టీ వేడిమే. చీనీపండ్లు కూడా కొందరికి పడవు. తిని, గమనించి, నిర్ణయించుకోండి.

నిమ్మరసం, టూత్‌పేస్టు, శనగపిండితో రుద్దడం, ఆవిరి పట్టడం వంటి ఇంటివైద్యాలు ఈ ముఖానికి వద్దు. సువాసన లేని మృదువైన సబ్బు, మాయిశ్చరైజర్ చాలు.

వుజూ, ఉపవాసం

వుజూ ఈ వ్యాధికి శత్రువు కాదు. కాగిన నీరు, మంచులాంటి నీరు రెండూ వద్దు, మామూలు నీరు వాడండి. ముఖాన్ని రుద్దకుండా నీరు పారించి, మెత్తని బట్టతో అద్దుకుని, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి. బోరునీటిలో లవణాలు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ఇది మరీ అవసరం. దైవప్రవక్త (స) ఒక ముద్ద్, అంటే ఇంచుమించు లీటరుకు మించని నీటితో వుజూ చేసేవారని హదీసుల వలన తెలుస్తోంది. కరవు సీమలో ఆ సున్నత్ నీటికీ పొదుపే, చర్మానికీ మేలే. దట్టంగా పొరకట్టే క్రీము ఉంటే వుజూకు ముందు నెమ్మదిగా కడిగి, నమాజు తర్వాత మళ్ళీ రాసుకోవచ్చు. నీరు తగిలితే హాని అని వైద్యుడు చెప్పిన అరుదైన సందర్భంలో షరీఅత్ ఇచ్చిన సడలింపు గురించి ఆలిమ్ గారిని అడగండి. గాయపడిన ఒక వ్యక్తి చేత, తెలియని జనం, స్నానం చేయించగా అతడు మరణించినప్పుడు, తెలియనప్పుడు అడగడమే అజ్ఞానానికి మందు అని ప్రవక్త (స) మందలించిన వృత్తాంతం హదీసులలో ఉంది.

ముఖం మీద రాసే పూత వలన ఉపవాసం భంగం కాదు. మాత్రల వేళలను సహరీకి, ఇఫ్తారుకు మార్చుకోవచ్చేమో వైద్యుణ్ణి అడగండి. డాక్సీసైక్లిన్ మాత్రను నిండు గ్లాసు నీటితో వేసుకోవాలి, వెంటనే పడుకోరాదు. అసలు చిక్కు పగటి ఉపవాసంలో కన్నా సాయంత్రపు దస్తర్‌ఖాన్‌లో ఉంది. దాహంతో ఉన్న దేహానికి ఒక్కసారిగా పొగలు కక్కే హలీం, బజ్జీలు, మరిగే టీ ఇస్తే ముఖం మండుతుంది. ఖర్జూరం, నీళ్ళు, పండ్లతో మొదలుపెట్టి, మిగతావి చల్లారాక తినండి.

ఇంటివారి వంతు

ఈ జాగ్రత్తలన్నిటినీ ఒక్క ఇల్లాలే మోయలేదు. రోజుకు మూడు పూటలు పొయ్యి ముందు నిలబడేది ఆమె. ఇఫ్తారుకు ముందు రెండు గంటలు నూనె సెగలో ఉండేది ఆమె. ‘వేడికి దూరంగా ఉండు’ అని వైద్యుడు చెప్పిన మాటను ఆమె పాటించాలంటే ఆ పొయ్యి ముందు మరొకరు నిలబడాలి. భర్త, కొడుకులు, కూతుళ్ళు వంతులు వేసుకోవాలి. వంటింట్లో కిటికీ తెరిచి, చిన్న పంకా పెట్టవచ్చు. కూర కారం తగ్గించి వండి, కావలసినవారు పైన కారప్పొడి చల్లుకోవచ్చు. దైవప్రవక్త (స) స్వయంగా ఇంటి పనులలో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఆ ఆదర్శం ఇటువంటి ఇంట్లో సున్నత్ మాత్రమే కాదు, వైద్యం కూడా.

‘సహనం వహించు’ అని ఇతరులకు చెప్పడం సులభం. సహనం అంటే నోరు మూసుకుని మండిపోవడం కాదు. హజ్రత్ అయ్యూబ్ (అ) సహనానికి ప్రతీక. అయినా ఆయన తన బాధను అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. చికిత్స చేయించుకోవచ్చా అని అడిగినవారికి దైవప్రవక్త (స) చేయించుకోమనే చెప్పారు. మందు వాడడం, బాధ చెప్పుకోవడం, సహాయం అడగడం సహనానికి విరుద్ధం కావు.

చివరి ప్రశ్న

సోదరీ! పెళ్ళిచూపుల రోజున మీరు లోపలి గదిలో ఉండవద్దు. మీ బిడ్డ పక్కన కూర్చోండి. ఎవరైనా అడిగితే ‘ఇది రోజేసియా అనే చర్మవ్యాధి, అంటుకోదు, మందు వాడుతున్నాను’ అని ఉన్నది ఉన్నట్లు చెప్పండి. కొన్ని కుటుంబాలలో ఇది ఒకరికన్నా ఎక్కువమందికి కనిపించవచ్చు, కాని తల్లికి ఉన్నంత మాత్రాన కూతురికి వస్తుందన్న నియమం లేదు. నిజం చెబితే వెనుదిరిగే సంబంధం, దాచి కలుపుకున్నా నిలిచేది కాదు. అల్లాహ్ మన రూపాలను చూడడని, హృదయాలను, ఆచరణలను చూస్తాడని దైవప్రవక్త (స) బోధించారు. వచ్చినవారు మీ ఇంట్లో ఏమి చూడాలో ఆ మాటే చెబుతోంది.

మిమ్మల్ని లోపల ఉండమన్న మీ ఇంటివారికి కూడా ఒక మనవి. వారు చెడ్డవారు కారు, భయపడ్డారు. ఈ పుటను వారికి చదివి వినిపించండి. తల్లి ముఖాన్ని దాచిన ఇంటిలో కూతురు ఏమి నేర్చుకుంటుందో ఒక్క క్షణం ఆలోచించమనండి. రేపు ఆ బిడ్డకు ఏ చిన్న జబ్బు వచ్చినా ఆమె కూడా ఒక ట్యూబును, ఒక లోపలి గదిని వెతుక్కుంటుంది.

అల్లాహ్ మీకు స్వస్థత ప్రసాదించుగాక. మీ ఇంటిని మీకు నీడగా చేయుగాక. ఆమీన్.